చెరువుకైనా మొహానికైనా మందులెక్కువైతేనే తంటా

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడే ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. కాలేజీల గురించేమో అనుకున్నా, కాదు, మొహానికి కొనాల్సిన సామాన్ల లిస్టు. క్లెన్సింగ్ ఆయిలు, దాని తర్వాత ఫోమ్ క్లెన్సరు, టోనరు, ఎసెన్సు, రెండు రకాల సీరంలు, షీట్ మాస్కులు, కంటి కింద రాసుకునేది ఒకటి, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను, రాత్రి రాసుకుని పడుకునే మాస్కు ఇంకోటి. లెక్కెడితే పదకొండు. "కొరియావాళ్ళు రోజూ ఇలాగే చేస్తారంట నాన్నా, మొహం అద్దంలా మెరిసిపోద్దంట" అంది. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతోంది గానీ ఏమీ అనట్లేదు. ఎందుకు అనట్లేదో తర్వాత చెప్తాను.

నేను అమలాపురం అవతల ఒక రొయ్యల ల్యాబ్‌లో టెక్నీషియన్ని. పొద్దున్నే ఆరింటికల్లా చెరువుల మీదకెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చి పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే అంకె, ఏడు మధ్యస్థం, తగ్గితే పులుపు), సెలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా చూసి చెప్పడం నా పని, మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి ఇంకో రౌండు. మొహం గురించి రాయడానికి నీకేం అర్హత ఉందయ్యా అని మీరడగొచ్చు. ఏమీ లేదండి. కాకపోతే ఆ లిస్టు చూడగానే దీన్ని ఎక్కడో చూశానే అనిపించింది, ఎక్కడో ఏంటి, రోజూ చూస్తున్నదే. చెరువు కాస్త అటూ ఇటూ అయ్యేసరికి రైతు చేతిలో కూడా సరిగ్గా ఇలాంటి కాగితమే ఉంటుంది. నీళ్ళలో వేసే ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా), మేతలో కలిపే ప్రోబయాటిక్, మినరల్సు, జియోలైటు, యుక్కా, శానిటైజరు, విటమిన్ సి. అవును, విటమిన్ సి రెండు లిస్టుల్లోనూ ఉంది.

టైగర్ రొయ్య పోయి 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, రైతుని ముంచేది చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు వస్తుందేమో అన్న భయం. ఆ భయానికి నాలుగు డబ్బాలు అమ్మేవాడు ఎప్పుడూ గట్టు మీద రెడీగా ఉంటాడు. శానిటైజరు కొట్టి పురుగు పుట్రా అన్నిటినీ చంపేసి, మర్నాడు ప్రోబయాటిక్ పోసి మళ్ళీ బతికించడానికి చూస్తాం. మొహం మీద కూడా జరిగేది ఇదేనని నా అనుమానం, అంటే ముందు నూనె అంతా లాగేసేది ఒకటి కొని, లాగేసింది కదా అని నూనె పెట్టేది ఇంకోటి కొని, ఆ రెండిటి మధ్యా మంట పుడితే చల్లార్చేది మూడోది. నా వాదన చాలా చిన్నది. మామూలు మొహానికి మూడే కావాలి, కడగడానికి ఒకటి, తేమ పోకుండా ఒకటి, ఎండకి ఒకటి. నాలుగోది కావాలంటే ఏదో జబ్బు ఉండాలి, జబ్బుంటే డబ్బా కాదు, డాక్టరు ఉండాలి.

ఇది నోటితో చెప్తే మా అమ్మాయి వినదు కాబట్టి ఆ సాయంత్రం ల్యాబ్ నుంచి పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చా. అగ్గిపెట్టంత ఉంటుంది, లోపల పసుపురంగు ముక్కలు, ఒకటి చింపి తడిలో ముంచితే రంగు మారుతుంది, అట్ట మీదున్న రంగులతో పోల్చి చూసుకోవడమే. ముందు బాత్రూంలో సబ్బు తడిపి దానికి అంటించాం. కాగితం ముదురు నీలం తిరిగిపోయింది, పది దగ్గర. మా అమ్మ డబ్బాలో సున్నిపిండి కాస్త తడిపి ముంచాం, ఆరు చుట్టూ వచ్చింది. వాళ్ళమ్మ వాడే ఫేస్‌వాష్ అయిదుకీ ఆరుకీ మధ్య. వంటింట్లో నిమ్మచెక్కకి అంటిస్తే ఎర్రగా కందిపోయింది కాగితం, రెండు. "మరి మొహం ఎంత నాన్నా" అంది. మనిషి చర్మం పైపొర మామూలుగా 4.7 నుంచి 5.5 మధ్యలో ఉంటుంది, అంటే కొంచెం పులుపు వైపు. "సబ్బు పది, మొహం అయిదు, అయిదేగా తేడా" అంది చాలా తేలిగ్గా.

అక్కడే ఉంది కిటుకు. పీహెచ్‌లో ఒక అంకె జరిగిందంటే పది రెట్లు. రెండు జరిగితే వంద. అయిదు జరిగితే లక్ష రెట్లు. చెరువులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ అర పాయింటు మించి తేడా వస్తేనే మేము రైతుకి ఫోన్ చేసి జాగ్రత్త అని చెప్తాం, అలాంటిది మొహానికి రోజుకి మూడుసార్లు లక్ష రెట్ల అవతలున్న సబ్బు రుద్దేసి మళ్ళీ గంటో రెండు గంటలో పట్టి అదే నెమ్మదిగా వెనక్కి వస్తుంటే, వచ్చేలోపే ఇంకోసారి కడిగేస్తాం. ఆ పైపొర ఉంది చూశారూ, అది కాగితం మందం కూడా ఉండదు. చచ్చిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాలు, ఇంకా కొన్ని కొవ్వులు అడుసులా పట్టి ఉంటాయి. లోపలి నీరు బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాసేది ఆ అడుసే. సబ్బు దాన్ని కూడా మురికి కింద లెక్కేసి కడిగేస్తుంది. కడగ్గానే చర్మం బిగుసుకుపోయి వేలితో రాస్తే కిర్రుమంటే, అబ్బ ఎంత శుభ్రమైందో అని సంబరపడతాం మనం.

దానికితోడు మా నీళ్ళు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో కోనసీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఉప్పు, పైగా గట్టి నీళ్ళు. అందులో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి పెరుగు విరిగినట్టు విరుగుతుంది, నురగ రాదు, బకెట్టు అంచు చుట్టూ తెల్లటి జిడ్డు గీత పడుతుంది. ఆ గీతే మొహం మీద కూడా పడుతుందన్నమాట, కనపడదు అంతే. సిండెట్ అని అంటారు, సబ్బు కాని సబ్బు, బిళ్ళలా కూడా దొరుకుతుంది ఫేస్‌వాష్‌లా కూడా దొరుకుతుంది, వాటికి ఈ గట్టి నీళ్ళ గొడవ లేదు. ఇంకొకటి, సబ్బు కాగితం మీద టీఎఫ్ఎం 76 అని, గ్రేడ్ ఒకటి అని ఉంటే అది మొహానికి మంచిదనుకుంటారు చాలామంది, అది సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే లెక్క, పీహెచ్‌తో దానికి సంబంధం లేదు, గ్రేడ్ ఒకటి సబ్బు కూడా కాగితాన్ని నీలం చేసి తీరుతుంది. ఒంటికి రుద్దుకోండి, ఎవరొద్దన్నారు. మొహానికి మాత్రం వద్దు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు, పొద్దున్న జిడ్డు లేకపోతే వట్టి నీళ్ళయినా సరిపోతుంది. బయట దుమ్ములో తిరిగొచ్చినవాళ్ళు వచ్చాక కడుక్కోవాలి, అది వేరే.

ఇదంతా వింటున్న మా అమ్మ ఊరుకుంటుందా. "చూశావా, నా సున్నిపిండి ఆరే వచ్చింది, మీ సబ్బు కన్నా నయం కదరా" అంది. నిజమే, పీహెచ్ లెక్కన మా అమ్మ గెలిచింది, ఒప్పుకున్నా. భోగినాడు నలుగు పెట్టుకోవడం నాకూ ఇష్టమే. కానీ ఆ పిండి బరక చేతి చర్మానికి పర్లేదు, మొటిమలున్న బుగ్గ మీద రోజూ రుద్దితే మొటిమ చితికి మంట ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి మా అమ్మకి చెప్తే నమ్మలేదు. మన సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు వేస్తారు కదా, ఆ బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి మచ్చలకి బావంచాల మందు రాసి ఎండలో కూర్చోమని చెప్పే వైద్యం ఈ దేశంలో ఎప్పట్నుంచో ఉంది, ఎందుకంటే ఆ సోరలెన్ తగిలిన చర్మం ఎండని మామూలు కన్నా ఎక్కువ పీల్చి నల్లబడుతుంది, శ్రుతి మించితే బొబ్బలెక్కుతుంది. అలాంటిదాన్ని మొహానికి పట్టించి సరిగ్గా కడుక్కోకుండా ఎండలోకి పోవడం మంచిది కాదు. తమాషా ఏంటంటే ఈ మధ్య పెద్ద పెద్ద సీరం సీసాల మీద బకూచియాల్ అని రాసి, ముడతలకి రాసే రెటినాల్‌కి బదులు సహజమైనది అని చెప్పి వేలకి వేలు గుంజుతున్నారే, అది కూడా ఈ బావంచాల్లోంచి తీసిందే. మా అమ్మ మూలికల కొట్లో పొట్లం కట్టించుకొచ్చే గింజలే. బకూచియాల్, సోరలెన్ ఒకటి కాదు లెండి, రెండిటినీ వేరు చేసే అమ్ముతారు, కానీ సహజం అనగానే చెయ్యి జోడించేవాళ్ళు ఒక్క గింజలోనే మేలు చేసేదీ కాల్చేదీ రెండూ ఉంటాయని గుర్తు పెట్టుకోవాలి.

నిమ్మచెక్కలో కూడా సోరలెన్ లాంటి పదార్థాలుంటాయి. మా చుట్టాల్లో ఒకమ్మాయి పెళ్ళిచూపులకి వారం ముందు మొహానికి నిమ్మచెక్క రుద్దుకుని, కడుక్కుందో లేదో, కొబ్బరి దింపు జరుగుతుంటే కాయలు లెక్కెట్టడానికి తోటలోకెళ్ళి నిలబడింది. రెండో రోజుకి బుగ్గల మీద రసం జారిన దారంతా ఎర్రగా, తర్వాత నల్లగా చారలు. పెళ్ళిచూపులు వాయిదా వేశారు, ఆ చారలు పోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు మా ఆవిడ నవ్వు సంగతి.

మా రెండోవాడు పుట్టాక తనకి మంగు వచ్చింది. రెండు బుగ్గల మీదా, పై పెదవి పైనా గోధుమరంగు మచ్చ, సీతాకోకచిలక రెక్కలు పరిచినట్టు. కాన్పుల్లో హార్మోన్లు మారినప్పుడు, గర్భం రాకుండా మాత్రలు వాడేటప్పుడు, ఎండ తగిలినప్పుడు ఇది రావడం చాలా మామూలు, మన రంగువాళ్ళకి ఇంకా ఎక్కువ. వీధిలో ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పారు. చివరికి దగ్గర్లో ఉన్న టౌన్లో ఒక మందుల షాపులో, చీటీ లేదు ఏం లేదు, "ఇది రాయమ్మా, పదిహేను రోజుల్లో పోద్ది" అని ఒక ట్యూబు ఇచ్చారు. పోయింది. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే పోయింది, మొహం పాలమీగడలా తయారైంది, మా ఇద్దరు వదినలు ఆ ట్యూబు పేరు రాసుకుని మరీ వెళ్ళారు.

నాలుగో నెలలో మొదలైంది. ఒక పూట రాయకపోతే మొహం అంతా ఎర్రగా మండటం, పొయ్యి దగ్గర నిలబడలేకపోవడం, అన్నం గిన్నె మూత తీస్తే ఆ ఆవిరికి కూడా ఉలిక్కిపడటం. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, చెంపల మీద నూగు, చిన్న చిన్న పొక్కులు. రాస్తే తగ్గుతుంది, మానేస్తే మండుతుంది, తగ్గుతుంది కదా అని మళ్ళీ రాస్తుంది. నేనేం చేస్తున్నాను ఈలోపు? క్లోరాంఫెనికాల్ యాంటీబయాటిక్ నిషేధం అండి, నైట్రోఫ్యూరాన్లు నిషేధం అండి, ఎగుమతి చేసిన కంటైనర్ వెనక్కొచ్చేస్తుంది అండి అని ఊరూరా రైతులకి క్లాసులు పీకుతున్నా. మేత బస్తా మీద అక్షరం అక్షరం చదివే నేను, నా భార్య నాలుగు నెలలుగా మొహానికి రాస్తున్న ట్యూబు వెనక్కి తిప్పి చూళ్ళేదు. ఒకరోజు తిప్పాను. మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టిరాయిడ్. పక్కనే ఆర్ఎక్స్ అని గుర్తు కూడా ఉంది, అంటే డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు, అందమైన క్రీము కాదు.

ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్ళా. చర్మం డాక్టరుగారు మొహం చూడగానే, మంగు గురించి కాదు, "ఎన్నాళ్ళు రాశారమ్మా స్టిరాయిడు" అని అడిగారు. అంత మామూలైపోయింది ఇది. టాపికల్ స్టిరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని దీనికి ఒక పేరే పెట్టారు, పెట్టింది కూడా మన దేశపు డాక్టర్లే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ పూతమందులు ఇంకొన్నిటిని చీటీ లేకుండా అమ్మకుండా షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా కౌంటర్ మీద ఎలా చేతికొస్తున్నాయో మీకూ తెలుసు నాకూ తెలుసు. మీ ఇంట్లో ఎవరైనా తెల్లబడటానికో మచ్చలకో ఏదైనా ట్యూబు రాస్తుంటే ఇప్పుడే లేచి వెనక్కి తిప్పి చూడండి, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేర్లు కనపడినా, క్లోబెటసాల్ అని ఉన్నా అది స్టిరాయిడే. అలాగని నెలల తరబడి రాసినవాళ్ళు ఠక్కున మానేసి ఇంట్లో కూర్చోకూడదు, మంట తిరగబడుతుంది, డాక్టరు చెప్పినట్టు మానాలి.

నాకు ఆశ్చర్యం వేసింది డాక్టరుగారు రాసిచ్చిన చీటీ చూసి. మంట తగ్గడానికి కొన్నాళ్ళు ఒక ఆయింట్‌మెంటు, అది పక్కన పెడితే మిగిలినవి మూడే. సబ్బు కాని ఫేస్‌వాష్ ఒకటి, వాసన లేని మాయిశ్చరైజరు ఒకటి, సన్‌స్క్రీను ఒకటి. "మంగుకేం లేదా అండి" అని అడిగా. "ముందు చర్మం కోలుకోనివ్వండి, ఆరు నెలల తర్వాత చూద్దాం" అన్నారు. చెరువు క్రాష్ అయిన రైతుకి నేను చెప్పే మాట అదే, ఆపండి, ఏమీ వెయ్యకండి, నీళ్ళు సర్దుకోనివ్వండి. నా మాట నాకే ఎవరో తిరిగి అప్పజెప్పినట్టయింది. మొహం మామూలు అవ్వడానికి అయిదు నెలలు పైనే పట్టింది. మంగు పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఎండ తగిలితే తిరిగొచ్చే రకం అది. కానీ పల్చబడింది. మూడు డబ్బాల సిద్ధాంతం మా ఇంటికి అలా వచ్చింది, నేను కనిపెట్టింది కాదు. పదకొండు సామాన్ల లిస్టు చూసి మా ఆవిడ నవ్విన నవ్వు అదే.

సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం నేను కాస్త ఎక్కువ మాట్లాడతా, ఏమనుకోకండి, నా బతుకే గట్టు మీద. టోపీ తీస్తే నా నుదురు రెండు రంగులు, పైన ఒక మనిషి కింద ఒక మనిషి. మొదట్లో మొహానికి రాసుకుని చెరువుల మీదకెళ్తే "ఏంటండి పెళ్ళికొడుకు గారు, ఇయ్యాల పెళ్ళా" అని కుర్రాళ్ళు ఆడుకునేవారు. ఇప్పుడు అందులో ఇద్దరు రాస్తున్నారు.

ఎస్‌పీఎఫ్ అనేది ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల్లో మొహాన్ని కందించే యూవీబీకి లెక్క. 15 అయితే సుమారు 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. అంటే 30కీ 50కీ మధ్య ఊరించినంత తేడా లేదు, 100 అని రాసినదానికి ఎక్కువ డబ్బులు పెట్టడం వృథా. పక్కన పీఏ అని ప్లస్సులుంటాయి, అవి యూవీఏకి, నల్లబరిచేదీ ముడతలు తెచ్చేదీ ఎక్కువగా అదే, మబ్బులోంచి వస్తుంది, బస్సు అద్దంలోంచి కూడా వస్తుంది, ప్లస్సులు మూడో నాలుగో ఉండేది తీసుకోండి. ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఎవరూ చెయ్యనిది ఏంటంటే సరిపడా రాయడం. ఆ 30, 50 అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచినవి, మనం రాసేది అందులో సగమో పాతికో. చూపుడు వేలూ మధ్య వేలూ చాపి, రెండిటి మీదా మొదలు నుంచి చివరిదాకా గీతలా పిండితే అది మొహానికీ మెడకీ ఒక పూట. దాదాపు గ్రాము. కాబట్టి 50 గ్రాముల ట్యూబు రోజుకి ఒకసారి చొప్పున ఒక మనిషికి నెలన్నర, రెండు నెల్లు మించి రాకూడదు. ఆరు నెలలు వచ్చిందంటే మీరు సన్‌స్క్రీన్ వాడట్లేదు, వాసన చూస్తున్నారు.

మా దగ్గర చెమట ఇంకో శత్రువు. రోహిణి కార్తెలో గట్టు మీద అరగంట నిలబడితే రాసిందంతా తువ్వాలుకి అంటుకుపోతుంది, రెండు గంటలకోసారి మళ్ళీ రాయమంటారు గానీ చేతులు మేతా బురదా అయి ఉన్నప్పుడు అది ఎంతవరకూ కుదురుతుందో నాకు తెలుసు. అందుకని నేను పట్టుకున్న దారి, ఇంటి దగ్గర ఒకసారి దండిగా, మధ్యాహ్నం రౌండుకి ముందు మొహం కడుక్కుని ఇంకోసారి, మిగతాది వెడల్పు టోపీ, తలకి తుండు, మోటారు షెడ్డు నీడ. నీడ చూసుకోవడం ఒక తేలిక లెక్క, మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టు కనపడేవి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్నవి, మన రంగుకి జెల్ రకాలు నయం. మంగున్నవాళ్ళకి మాత్రం డాక్టరుగారు చెప్పిన ఒక ముక్క పనికొస్తుంది. మంగుని ముదరబెట్టేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనపడే వెలుగు కూడా, దాన్ని మామూలు సన్‌స్క్రీన్ ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు టింటెడ్ రకం ఆపుతుంది. మా ఆవిడ వాడేది అదే, మొహం రంగులో కలిసిపోతుంది, పౌడరు ఖర్చు కూడా తప్పింది.

మాయిశ్చరైజర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన గాలే తడిబట్ట, ఇంకా తేమ ఎందుకండి అంటారు. గాలిలో తేమ ఉన్నంత మాత్రాన పైపొర అడుసు బాగుపడదు, కానీ వేసవిలో పొద్దున్న సన్‌స్క్రీన్ ఒక్కటీ చాలు, చాలా వాటిలో తేమ పట్టే గ్లిజరిన్ ఎలాగూ ఉంటుంది. రాత్రి కడిగాక తడి పూర్తిగా ఆరకముందే పల్చటి లోషను ఒకటి. డిసెంబరు, జనవరిల్లో చర్మం తెల్లగా పొడిబారినప్పుడు కాస్త చిక్కటిది. పెదాలకీ మడమలకీ పెట్రోలియం జెల్లీ, 1872లో పేటెంటు తీసుకున్న సరుకు, ఈరోజుకీ దాన్ని మించి నీటిని పట్టి ఉంచేది లేదు, ధర కూడా పల్లెటూరి ధరే.

"కోనసీమలో పుట్టి కొబ్బరినూనె మాట ఎత్తవేంట్రా" అని మా అమ్మ. ఎత్తుతానమ్మా. ఒంటికి కొబ్బరినూనె బంగారం, పొడి చర్మం పిల్లల మీద పరీక్ష చేసి కూడా మంచిదని చూశారు. మొటిమలొచ్చే మొహానికి మాత్రం పడదు, రంధ్రాలు పూడుకుపోతాయి. పైగా మన చర్మం మీద మలసీజియా అని ఒక ఫంగస్ ఎప్పుడూ ఉంటుంది, దానికి మేత ఇలాంటి నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలే, ఉక్కపోతలో అది పెరిగితే నుదుటి మీద ఒకే సైజులో దురద పొక్కులు లేస్తాయి, మొటిమలనుకుని మొటిమల మందు రాస్తే తగ్గవు. మా అమ్మాయికి పొక్కులన్నీ నుదుటి అంచునా కణతల దగ్గరా, సరిగ్గా జుట్టు మొదలయ్యే చోట. మా అమ్మ దానికి తల కారేలా నూనె పెట్టి జడ వేసేది, బడికి వెళ్ళేసరికి చెమటతో కలిసి కణతల మీదుగా దిగేది. లిస్టులో ఉన్న పదకొండింటిలో ఒక్కటీ కొనకుండా ముందు మేము మార్చింది అది. నూనె శనివారం రాత్రి, ఆదివారం తలంటు, దిండు గలీబు వారానికి రెండుసార్లు ఉతుకు. నెల తిరిగేసరికి సగం పొక్కులు అణిగాయి.

మిగతా సగం నిజంగానే మొటిమలు. వాటికి బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ రాసిచ్చారు డాక్టరుగారు, 10 శాతం కూడా దొరుకుతుంది గానీ పని దాదాపు అంతే, మంట మాత్రం ఎక్కువ. ఆ జెల్ గుడ్డల్ని బ్లీచ్ చేస్తుందని ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకి వాళ్ళమ్మ పెట్టిన మెరూన్ దిండు గలీబుల మీద నారింజ రంగు మచ్చలు పడితే, కొత్త బట్టల పౌడరు మీద నెల రోజులు నేరం మోపాం, పౌడరు మార్చాం కూడా.

మందు మొదలెట్టిన పదో రోజుకే అమ్మాయి అద్దం ముందు కూర్చుని "ఏం తగ్గలేదు నాన్నా, ఇంకోటి ఏదైనా కలుపుదాం" అంది. వనామి పంటకి నూటికి పైన రోజులు పడుతుంది, పదో రోజున వల వేసి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రాలేదని ఏడ్చే రైతు ఉంటాడా. మొటిమల మందుకి కనీసం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఇంకోటి కలపాలంటే రెండు వారాలు ఆగి ఒక్కటే కలపాలి, అది కూడా ముందు దవడ కింద కాస్త రాసి చూసుకుని. ఒకేసారి నాలుగు మందులు కొట్టిన చెరువులో రొయ్య బతికినా చచ్చినా ఏ మందు వల్లో దేవుడికి కూడా తెలీదు. పదహారేళ్ళ పిల్లకి కంటి కింద క్రీము, ముడతల సీరం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, లేని ముడతలకి మందేంటి.

మా అమ్మ దగ్గర చివరి అస్త్రం ఒకటుంది. వాళ్ళ అత్తగారు, అంటే మా మామ్మ, జీవితంలో ఒక్క క్రీమూ ఎరగదు, ఎనభై దాటాక కూడా మొహం నున్నగా ఉండేది అంటుంది. ఉండేది, నాకూ గుర్తే. కానీ మామ్మ ఎండెక్కాక గడప దాటేది కాదు, దాటితే కొంగు నెత్తి మీదుగా ముక్కుదాకా ఉండేది. మొహానికి ఆవిడ చేసిందల్లా రోజూ నూతి నీళ్ళు, పండక్కి నలుగు. తక్కువ చేసింది, ఎండకి దాక్కుంది. నేను చెప్పేదానికీ ఆవిడ చేసినదానికీ ట్యూబు ఒక్కటే తేడా, అది కూడా నేను కొంగు కప్పుకుని చెరువు మీదకెళ్ళలేను కాబట్టి.

లిస్టు వ్యవహారం చివరికి రాజీ పడింది. ఫేస్‌వాష్, మాయిశ్చరైజరు, జెల్ సన్‌స్క్రీను, డాక్టరు రాసిన మందు. షీట్ మాస్కులు రెండు కొనిచ్చా, వాటి వల్ల ఏమీ కాదు, తడిగుడ్డ కప్పుకున్నంత హాయి, ఇంటర్ ఫ్రెండ్స్‌తో ఫోటో దిగడానికంట. 50 గ్రాముల సన్‌స్క్రీన్ జెల్ ట్యూబు నాకూ అమ్మాయికీ కలిపి ఒకటే, మేత బస్తా మీద రాసినట్టు దాని మీద తెరిచిన తేదీ మార్కరుతో రాశా. ఇద్దరం రెండు వేళ్ళ లెక్కన రాస్తే, పైగా నాకు రోజుకి రెండు పూటలు, పదిహేడు రోజులకే అయిపోవాలి. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు, ఇంకా పిండితే వస్తోంది. ఎవరో ఎగ్గొడుతున్నారు. అమ్మాయి నన్ను అంటోంది, నేను అమ్మాయిని అన్నా. మా ఆవిడ రెండు పూటలా మా ఇద్దరి మొహాలూ చూసి, మొన్న వాయుగుండం పట్టినప్పుడు నాలుగు రోజులు మబ్బే కదా అని ఎవరు రాసుకోకుండా వెళ్ళారో గుర్తు చేసింది.